గాలిగంప ఎక్కిన బొంతమ్మ

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నోట్లో మిగిలిన నాలుగు పళ్లూ ఈ క్షణమే ఊడి ఈ చాటలో పడాలి. ఇదిగో, పడలేదు. కాబట్టి అంతా నిజమే, చెవి ఇటు పెట్టి విను.

ఎర్రకొండ, పూలకొండ అని రెండు కొండలు. నడుమ ఒక లోయ. అది ఎంత లోతంటే, పొద్దున అందులోకి రాయి విసిరి, ఇంటికెళ్లి అన్నం తిని, కునుకు తీసి తిరిగొచ్చినా రాయి పడ్డ చప్పుడు ఇంకా వినబడేది కాదు. ఆ లోయ మీదుగా ఈ కొండ నుంచి ఆ కొండకి లావుపాటి అడ్డతీగ లాగి కట్టి, దానికో గంప వేలాడదీశాడు కొమ్మన్న అనే ముసలి కొండముచ్చు. ఎర్రకొండ ఎత్తు, పూలకొండ పల్లం. గంపలో కూర్చుంటే చాలు, జర్రున జారి అవతల తేలడమే. చుట్టూ నడిచి వెళ్తే రెండు రోజుల దారి. గంపలో అయితే ఆవలింత ఇక్కడ మొదలుపెట్టి అక్కడ ముగించొచ్చు. అడవంతా దాన్ని గాలిగంప అనేవాళ్లు.

పూలకొండ నిండా ఇప్పచెట్లే. కుటుంబానికో చెట్టు. ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. ఏటా పూలు రాలే తొలిరోజున, పొద్దు వాలేలోపు, ఇంటివాళ్లు వెళ్లి తమ చెట్టు మొదలు మీద చెయ్యి వెయ్యాలి. మూడేళ్లు రాకపోయినా పోనీలే అని ఊరుకుంటారు. నాలుగో ఏడు కూడా రాకపోతే మటుకు, పొద్దు వాలాక ఆ చెట్టు మీద ఎవరి చెయ్యి ముందు పడితే వాళ్లది.

ఈ ఏడు అందరి కళ్లూ ఎలుగుబంటి బొంతమ్మ చెట్టు మీదే ఉన్నాయి. ఆ చెట్టు ఒక్కరోజు రాల్చే పూలతో ఏనుగుల మంద మునిగిపోతుంది. దాని మొదలు మీద బొంతమ్మ అమ్మమ్మ గోళ్లతో గీసుకున్న గీతలు ఇప్పటికీ ఉన్నాయి. బొంతమ్మ మూడేళ్లుగా వెళ్లలేదు. మొదటి ఏడు కాల్లో ముల్లు గుచ్చుకుందంది. రెండో ఏడు కడుపులో నొప్పంది. మూడో ఏడు అత్తగారు చుట్టపుచూపుగా వచ్చిందంది. ఆ అత్తగారు పోయి అప్పటికి ఎనిమిదేళ్లు.

అసలు సంగతేమిటంటే ఆమెకి ఎత్తంటే భయం. పిల్లప్పుడు తేనెపట్టు కోసం మద్దిచెట్టెక్కి అంత ఎత్తు నుంచి పడింది. అప్పట్నుంచి చెట్టు మాట దేవుడెరుగు, పుట్ట కూడా ఎక్కదు. పుట్ట అడుగున ఉన్న చెదపురుగుల్ని తిని వచ్చేస్తుంది. పైఅంతస్తులో ఉన్నవి ఆమెని చూసి నవ్వుతాయి.

ఆరోజు తెల్లారగానే చిలకలు కబురు తెచ్చాయి, పూలు రాలుతున్నాయని. కబురు వెనకాలే నక్క జంబులయ్య వచ్చి బొంతమ్మ గుహ ముందు చతికిలబడ్డాడు.

"ఏం అక్కా, ఈసారైనా వస్తున్నావా, లేక అత్తగారు మళ్లీ వచ్చిందా?"

"వద్దామనే ఉంది తమ్ముడూ. కానీ ఆ గంప..."

"నేనూ అదే చెబుదామని వచ్చా. మన అనుకున్నవాళ్లకి చెప్పకపోతే ఎవరికి చెబుతాం? లోయ నడుమకి వెళ్లాక కళ్లు మూసుకునే ఉండాలి. తెరిచావో, గుడ్లు రెండూ జారి లోయలో పడతాయి."

"గుడ్లే?"

"గుడ్లే. అప్పుడు వెతుక్కోవడానికి కళ్లుండాలిగా. పోయినేడు అడవిదున్న ఒకడు తెరిచాడు. ఇప్పటికీ ఆడి కళ్లు కింద వాగులో తిరుగుతూ ఆడికోసం చూస్తున్నాయంట."

బొంతమ్మకి ఒళ్లంతా చెమట పట్టింది. ఆ చెమటకి గుహ ముందు చిన్న కాలువ కట్టిందని చూసినవాళ్లు చెప్పారు.

"నువ్విక్కడే సుఖంగా ఉండక్కా. నీ చెట్టుని నేను చూసుకుంటాగా," అని జంబులయ్య మీసం దువ్వుకుంటూ వెళ్లిపోయాడు.

అప్పుడు వచ్చాడు ముళ్లపంది సూదయ్య. బొంతమ్మకి వరసకి మామ. మూడేళ్లుగా ఆమె వెళ్లలేదని తనూ వెళ్లకుండా, ఆమె పక్కనే కూర్చుని చేదు దుంపలు తవ్వుకు తింటున్నవాడు. ఆయన ఇంట్లోవాళ్లు వెళ్లి చెట్టు మీద చెయ్యి వేసి వస్తున్నారు కాబట్టి ఆయనకి చెట్టు బెంగ లేదు. పూల బెంగే.

"కోడలా, ఈ ఏడు కూడా దుంపలేనా?"

"కళ్లు ఊడిపోతాయంట మామా."

"ఎవరన్నారు?"

"జంబులయ్య."

"జంబులయ్య కళ్లు ఊడాయా?"

బొంతమ్మ ఆలోచించింది. ఆమె ఆలోచించేటప్పుడు చెవులు రెండూ ఊగుతాయి. "లేదు. రెండూ ఉన్నాయి. నా చెట్టు మీదే ఉన్నాయి."

"మరింకేం, పద."

"భయమేస్తోంది మామా."

"వెయ్యనీ. భయాన్ని ఇంట్లో పెట్టి రమ్మన్నానా? దాన్ని కూడా ఎక్కించుకో. గంపలో చోటుంది. మరీ ఎక్కువైతే నన్ను పట్టుకో."

బొంతమ్మ బయల్దేరింది. మూడడుగులు ముందుకి, రెండు వెనక్కి, అలా నడిచి లోయ అంచుకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడికొచ్చాక కూడా వెంటనే ఎక్కిందా? లేదు. తీగ చుట్టూ తిరిగింది. ముడి ముడీ మూతి పెట్టి వాసన చూసింది, పళ్లతో లాగి చూసింది. కొమ్మన్నని వెయ్యిన్నొక్క ప్రశ్నలడిగింది.

"తాతా, గంపలో ఈ రాళ్లెందుకు?"

"తేలికవాళ్లు ఎక్కితే నడుమలో ఆగిపోద్దమ్మా. బరువుంటేనే అవతల దాకా జారుద్ది. అందుకని నాలుగు రాళ్లు."

"వెనకాల ఈ సన్నతీగ ఎందుకు?"

"గంపని మళ్లీ ఇటు లాక్కోడానికి. ఇది లేకపోతే పోయిన గంప పోయినట్టే."

"నేనెక్కితే ఎన్ని రాళ్లు?"

కొమ్మన్న ఆమెని పైనుంచి కిందకి చూశాడు. చూపు కింది దాకా రావడానికి కాస్త టైం పట్టింది. "నువ్వెక్కాక రాళ్లెందుకు తల్లీ?"

జంబులయ్య ఇదంతా పొదచాటు నుంచి చూస్తున్నాడు. ఇది నిజంగానే ఎక్కేటట్టుందే అనుకున్నాడు. అనుకున్నదే తడవుగా ఒక్క దూకు దూకి గంపలో పడ్డాడు. వెనకతీగ ముడిని పళ్లతో విప్పి పారేశాడు.

"జంబులయ్యా, ముడి విప్పకు," అని కొమ్మన్న అరిచేలోపు నాలుగు రాళ్లూ బయటికి విసిరేశాడు.

"రాళ్లు మోసేది గాడిదలు తాతా. తేలికైతే ఇంకా జోరుగా పోతా. అక్కా, నీ చెట్టు కింద కూర్చుని నీ పేరు చెప్పుకుని తింటాలే."

గంప జర్రున సాగిపోయింది. పోయి పోయి, సరిగ్గా లోయ నడుమకి చేరి, కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి ఊగి, ఆగింది.

జంబులయ్య కిందకి చూశాడు. చూసి ఊళ వేశాడు. ఆ ఊళకి పక్క అడవిలో నక్కలు కూడా చెట్లెక్కాయి. కళ్లు గట్టిగా మూసుకుని, ముడుచుకుని, గంప అడుగున ఉండైపోయాడు.

"నేను పోయి తోద్దునా అంటే చిటికెడు బరువు కూడా లేను," అన్నాడు కొమ్మన్న తల పట్టుకుని. "పాతగంప ఒకటుంది, గట్టిదే. బరువైనవాళ్లు ఎవరైనా అందులో జారి వెళ్లి గుద్దితే, రెండు గంపలూ కలిసి అవతల పడతాయి."

అందరూ బొంతమ్మ వైపు చూశారు. బొంతమ్మ పొద్దు వైపు చూసింది. పొద్దు చెట్ల చివర్లకి దిగింది. అవతల ఆమె చెట్టు కింద పూలు తెల్లగా మెరుస్తున్నాయి. నడుమ ఆ నక్క ఏడుపు.

"మామా, ముందు నువ్వెక్కు," అంది.

సూదయ్య ఎక్కాడు. బొంతమ్మ ఒక కాలు పెట్టింది, తీసింది. పెట్టింది, తీసింది. ఇలా పదహారుసార్లు. పదిహేడోసారి కొమ్మన్నే ఆమె కాళ్లు పట్టుకుని లోపలికి తోసేశాడని కొందరంటారు. తప్పు. ఆమే పెట్టుకుంది. పెట్టుకుని, "వదిలెయ్ తాతా," అని కూడా ఆమే అంది. గొంతు దోమ గొంతంత వచ్చింది, అంతే తేడా.

గంప కదిలింది. కడుపులో ఉన్న చెదపురుగులన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. బొంతమ్మ కళ్లు మూసుకుని, మామ చెప్పిన మాట గుర్తొచ్చి, ఆయన్ని రెండు చేతులా గట్టిగా కావలించుకుంది.

ముళ్లపందిని కావలించుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఆమె కళ్లు చింతకాయ పగిలినట్టు విచ్చుకున్నాయి.

విచ్చుకున్నాయి గానీ ఊడలేదు. ఉన్నచోటే ఉన్నాయి. వాటిల్లోకి ఆకాశమంతా వచ్చి పడింది. కింద కొంగల బారు ఒకటి ఎగురుతోంది. కొంగల వీపులు చూసిన ఎలుగుబంటి భూమ్మీద అంతకుముందు లేదు. వాగు వెండిమొలతాడులా ఉంది. దూరంగా ఆమె రోజూ భయపడే పుట్ట ఆవగింజంత కనిపించింది. ఇంతేనా నువ్వు అనుకుంది బొంతమ్మ.

"మామా."

"ఊఁ."

"భయం ఇంకా ఉంది."

"ఉంటే ఉంది."

"ఉన్నా బాగుంది మామా." నవ్వింది. ఆ నవ్వుకి గంప ఇంకా జోరందుకుంది. చెవులు వెనక్కి ఎగిరాయి, నాలుక పక్కకి వేలాడింది, బొచ్చంతా గాలికి లేచి ఆమె రెండింతలైంది. అలా వెళ్లి ధన్‌మని జంబులయ్య గంపని గుద్దింది.

"ఎవరది?" అన్నాడు జంబులయ్య కళ్లు తెరవకుండానే.

"మేమే తమ్ముడూ."

"కళ్లు తెరవనా అక్కా?"

"వద్దు నాయనా. గుడ్లు జారిపోతాయని పొద్దున నువ్వే చెప్పావుగా."

తను చెప్పిన అబద్ధమే, తనే అల్లాడు. కానీ భయమొచ్చాక అబద్ధం ఎవరిదైతే ఏం? జంబులయ్య కళ్లు ఇంకా గట్టిగా బిగించాడు.

రెండు గంపలూ కలిసి పూలకొండ మీద పచ్చగడ్డిలో ఆగాయి. నక్క గంప నేలకి జానెడెత్తులో వేలాడుతోంది. సూదయ్య "వచ్చే..." అనబోయాడు. బొంతమ్మ ఆయన నోరు మూసింది. వేలితో నక్క గంపని మెల్లగా ఊపింది.

"ఎంత దూరముంది అక్కా?"

"ఇంకా ఉంది. ఈ ఏడు లోయ కొంచెం పెరిగినట్టుంది."

సూదయ్యకి సంగతి అర్థమైంది. గంప పక్కన నిలబడి బుగ్గలు పూరించి ఉఫ్ ఉఫ్ అని గాలి ఊదడం మొదలెట్టాడు. బొంతమ్మ పరుగున వెళ్లి చెట్టు మొదలు మీద, అమ్మమ్మ గీతల పక్కన, చెయ్యి వేసింది. అప్పటికి పొద్దు ఇంకా రెండు మూరలుంది. ఆ తర్వాత పూలలో మునిగింది. తోక మాత్రం కనబడిందంటారు. ఎలుగుబంటికి తోక ఎంతుంటుందో నీకు తెలుసుగా.

నడుమనడుమ మామా కోడలూ వంతులు మార్చుకుంటూ వచ్చి గంప ఊపి వెళ్లారు.

"ఇప్పపూల వాసనొస్తోంది అక్కా."

"గాలి అటు నుంచి వీస్తోంది తమ్ముడూ."

"ఎవరో నములుతున్న చప్పుడు."

"నీ పళ్లే కొట్టుకుంటున్నాయి."

మరీ జాలేసి ఒకసారి దోసెడు పూలు వాడి నోట్లో పోసింది. ఇవెక్కణ్ణుంచి వచ్చాయంటే, కొంగలు పడేసి వెళ్లాయంది. పొద్దు పూర్తిగా వాలాక ఒక గండుచీమ గంపలోకి ఎక్కి జంబులయ్య తోక మొదట్లో కుట్టింది. ఎగిరి, కళ్లు తెరిచి చూస్తే, కింద జానెడు దూరంలో గడ్డి. ఎదురుగా పొట్ట ఉబ్బిన ఎలుగుబంటి. పక్కన బుగ్గలు వాచిన ముళ్లపంది.

"ఎప్పుడొచ్చాం?" అన్నాడు నీరసంగా.

"నువ్వు కళ్లు మూసుకున్నప్పుడే," అంది బొంతమ్మ.

జంబులయ్య ఆ ఏడాది ఇంటికి రెండు రోజులు నడిచే వెళ్లాడు. బొంతమ్మ సంగతా? మర్నాడు చిలకల చేత అవతల నుంచి కొత్త వెనకతీగ తెప్పించి కట్టించి, గాలిగంప పద్దెనిమిదిసార్లు ఎక్కింది. లాగీ లాగీ కొమ్మన్న చేతులు కాయలు కాచి, ఆ కాయలకి పూలు కూడా పూశాయి. ఎక్కిన ప్రతిసారీ ముడులన్నీ చూసుకునే ఎక్కింది, భయమేసిన ప్రతిసారీ మామని పట్టుకుంది. మామ ఒంటి మీద ఇప్పుడు సగం ముళ్లే ఉన్నాయి. మిగతా సగం ఆమెకే గుచ్చుకుని ఉన్నాయి.

నీతి అంటావా, ఇదే: భయాన్ని వెంటేసుకుని కళ్లు తెరిచినవాడికి లోకం కనబడుతుంది, ఎదుటివాడి భయంతో ఆటలాడినవాడికి జానెడు దూరంలో ఉన్న నేల కూడా కనబడదు.

సరే, కథ అయింది, లే. ఆ నిచ్చెన వేసుకుని అటకెక్కి నా ఆవకాయ జాడీ దించుకు రా. నాకు ఎత్తంటే భయమని కాదు, ఈ చాటలో బియ్యం ఏరడం ఇంకా అవలేదు. ఎక్కే ముందు నిచ్చెన మెట్టు మెట్టూ చూసుకో, కళ్లు మాత్రం మూసుకోకు.