పడవెక్కిన శాసనం

ఒకానొక రాజ్యంలో, ఏటి ఒడ్డునే కోట కట్టుకుని వీరమల్ల భూపతి అనే రాజు ఉండేవాడు. రాజ్యం చిన్నది, బిరుదులు పెద్దవి. వాటిని చదవడం పూర్తయ్యేసరికి సభలో సగంమంది కునికేవారు.

ఆ రాజుగారికి ఒకనాడు ఓ ఆలోచన వచ్చింది. తన రాజ్యంలో ఏ కులం ఎంత ఎక్కువో, ఏ కులం ఎంత తక్కువో రాతి మీద చెక్కించి కోట వాకిట నిలబెడితే ఇక ఎవరూ తగువు పడరని. ఆ మాట బయటికి పొక్కిన రోజునే రాజ్యమంతా తగువులు మొదలయ్యాయి.

అన్నిట్లోకీ పెద్ద తగువు రేవువాళ్ళది. వాళ్ళు తరతరాలుగా పడవలు నడిపేవాళ్ళు. ఆస్థాన పండితుడు ఏకామ్ర శాస్త్రి వాళ్ళ గురించి ఇలా రాశాడు: “రేవువాళ్ళు ఆదినుంచీ సేవకులు. గొప్పవారికి ముందు ఉండరాదు. వారికంటె ఎత్తున నిలబడరాదు.”

అది విని రేవువాళ్ళ పెద్ద పైడన్న ఉన్నపాటున సభకు వచ్చాడు. ఎత్తున నిలబడరాదంటే ఇక సభ మెట్లు ఎక్కరాదు. కష్టం వస్తే రాజుకు ఎదురుగా చెప్పుకునే హక్కు పోతుంది. కోట బయట నిలబడి కేకలు పెట్టుకోవాలి.

“దొరా, మేము సేవకులం కాము. మా తాతముత్తాతలు రాజులు. ఈ ఏరంతా ఏలారు” అన్నాడు పైడన్న.

“ఏరును ఏలారా? చేపల దగ్గర పన్ను వసూలు చేశారా?” అన్నాడు శాస్త్రి.

“తమ తాతగారు ఏ ఊరు ఏలారని, మేము ఎక్కడ నిలబడాలో తమరు రాస్తున్నారు పంతులుగారూ?”

రాజు ఇద్దరి వంకా చూసి విసుక్కున్నాడు. “పైడన్నా, నీ మాట ఎలా రాయమంటావో చెప్పు.”

“రేవువాళ్ళు రాజవంశం వారు, ఎవరికీ చాకిరీ చెయ్యరు. అలా రాయించండి దొరా.”

రాజు పక్కన తాంబూలం పెట్టెతో నిలబడి ఉండే మల్లసాని అప్పుడు నోరు విప్పింది. ఆమె ఉద్యోగం ఆకు వక్క అందించడమే గాని, ఆమె మాట కోసం రాజు చెవి ఎప్పుడూ అటే ఉండేది.

“ప్రభూ, చెక్కాక రాయిని చెరపడం కష్టం. రేపు తమరు అవతలి గట్టుకి, మామగారింటికి విందుకు వెళుతున్నారు కదా. శాస్త్రులుగారి రాతను పడవలో ఒకసారి నడిపి చూడండి.”

రాజుకు అది నచ్చింది. మల్లసాని పైడన్నతో ఒక్కటే చెప్పింది. “రాసింది రాసినట్టు పాటించు. నీ సొంత తెలివి వాడకు.”

మర్నాడు అందరూ పడవెక్కారు. రేవువాళ్ళు మనుషుల్ని బరువును బట్టి కూర్చోబెడతారు. ఆ రోజు అదేమీ పట్టించుకోలేదు. శాస్త్రి భారీ మనిషి. హోదా కొద్దీ వెళ్ళి ముందు కూర్చున్నాడు, పడవ ముక్కు నీళ్ళలోకి వంగింది. ముందు నిలబడి గడ వెయ్యవలసినవాడు రాజుకు ముందు ఉండరాదని వెనక్కి వచ్చేశాడు. వెనక ఎత్తు పలక మీద నిలబడి చుక్కాని పట్టవలసిన పైడన్న కిందికి దిగి కూర్చున్నాడు.

ఏటి నడుమకు వచ్చేసరికి పడవ గుండ్రంగా తిరగసాగింది.

“ఎటు పోతున్నామయ్యా?” అన్నాడు రాజు.

“నాకు తమరి వీపు తప్ప ఏమీ కనబడ్డం లేదు దొరా” అన్నాడు పైడన్న.

నీళ్ళు శాస్త్రి ఒళ్ళోకి వచ్చాయి. ఆయన పాక్కుంటూ వెనక్కి వచ్చి పైడన్న నడుం గట్టిగా పట్టుకున్నాడు.

“శాస్త్రి రాత కొట్టేశాం. పైడన్న మాటే ఖాయం” అన్నాడు రాజు.

వెంటనే పైడన్న, అతని మనుషులు గడలూ తెడ్లూ పక్కన పెట్టి, కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

“ఇదేమిటి?”

“రాజవంశం కదా దొరా. చాకిరీ చెయ్యకూడదు.”

పడవ వాలుకు కొట్టుకుపోతోంది. మామగారి రేవు వచ్చింది, వెళ్ళిపోయింది. గట్టు మీద పూలదండలతో నిలబడ్డ మామగారు పడవ వెంట నడవడం మొదలుపెట్టాడు. రాజుకు ఆకలి దంచేస్తోంది. మరో దారి లేక తెడ్డు అందుకున్నాడు.

“నిలువుగా దించి వెనక్కి లాగండి దొరా. పప్పులో గరిటె తిప్పినట్టు తిప్పకండి” అన్నాడు పైడన్న. కాసేపు చూశాడు. ఇక అతనివల్ల కాలేదు. “నా మాట కూడా కొట్టెయ్యండి దొరా. ఆ తిప్పడం చూడలేకపోతున్నాను” అంటూ లేచి, అందర్నీ బరువును బట్టి సర్ది కూర్చోబెట్టి, పలకెక్కి చుక్కాని పట్టాడు. పడవ తిన్నగా గట్టు చేరింది.

ఒడ్డున తడిపంచె పిండుకుంటూ శాస్త్రి, “ఎక్కువో తక్కువో తేల్చకపోతే అది శాసనం ఎలా అవుతుంది?” అన్నాడు.

“ఇందాక పైడన్న నడుం పట్టుకున్నారే, అప్పుడు మీరు ఎక్కువా, తక్కువా?” అంది మల్లసాని.

“అప్పుడు ఎవరు ఆలోచించారమ్మా?”

“అదే ప్రభూ నా మనవి. ఈ లెక్క గట్టు మీద ఉన్నవాళ్ళకే గుర్తుంటుంది. వీళ్ళు ఏరు దాటిస్తారని చెక్కించండి. ఎక్కువ తక్కువలు తెలుసుకోవాలనుకునేవాళ్ళు ఏటి నడుమకు వచ్చి అడుగుతారు.”

రాజు విందుకు వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు సభ తీరింది. పైడన్న మెట్ల కింద ఒక్క క్షణం ఆగాడు. భటుడు రాజు వంక చూశాడు. రాజు తలూపాడు. పైడన్న మెట్లెక్కి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“ఏమిటి నీ కష్టం?”

“ఏటిలో తెడ్డు విరగ్గొట్టారు దొరా. కొత్తది ఇప్పించాలి.”

“ఎవరు విరగ్గొట్టారు?”

“రాజవంశం వారే.”

సభ బిగుసుకుపోయింది. వీరమల్ల భూపతి మీసం దువ్వుకుంటూ అడిగాడు. “ఒక్కటేనా విరిగింది?”

“ఒక్కటే. రెండోది తమరి చేతికి అందకుండా దాచాం.”

రాజు సింహాసనం చెయ్యి పట్టుకుని పగలబడి నవ్వాడు. రాతి మీద మల్లసాని చెప్పిన మాటే చెక్కమన్నాడు. పైడన్నకు తెడ్డుతో పాటు కొత్త పడవ, మల్లసానికి తన మెడలోని ముత్యాల పేట ఇప్పించాడు. శాస్త్రికి మాత్రం పొడి పంచెల చాపు ఒకటి దక్కింది.