స్టిక్కరు కింది దీపం

తాళం తిప్పగానే బండి ఫ్యాను అందుకునేది. ఇంజను ఇంకా దగ్గనన్నా దగ్గకముందే, తెల్లవారి మంచుకు బానెట్టు తడిగా చల్లగా ఉన్నప్పుడే, హోరుమని తిరగడం మొదలుపెట్టేది. బండి ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నా చాలాసేపు ఆగేది కాదు.

కుళ్ళాయప్ప కిందికి దిగి బ్యాటరీ వైరొకటి పీకి పక్కన పెట్టేవాడు. అప్పుడు గాని గుట్ట మీద మాటలు వినిపించేవి కావు. మళ్ళీ బయల్దేరేటప్పుడు ఆ వైరు తగిలించుకునేవాడు. కొన్నాళ్ళుగా అట్లాగే నెట్టుకొస్తున్నాడు.

ఆ గుట్ట మీద చిన్న దర్గా ఉంది. దర్గాను చూసుకునే ఫకీరప్ప దూదేకుల ఇంట పుట్టినవాడు. ఏ కులంవాళ్ళు వచ్చినా ఆయన్ని తాతా అనే పిలిచేవాళ్ళు, ఆయనా అందరికీ తాతలాగే ఉండేవాడు. దర్గాకున్న ఆస్తల్లా ఒక డీజిల్ పికప్ బండి. రోజూ మధ్యాహ్నం అందులో సంగటీ పప్పూ ఎక్కించుకుని టౌనులోని పెద్దాసుపత్రికి తీసుకుపోయేవాళ్ళు. అక్కడ రోగికి మంచం దొరుకుతుంది. రోగి వెంట వచ్చినవాళ్ళకు వరండానే దిక్కు. ఆ వరండాలో కూర్చున్నవాళ్ళ కోసం ఆ సంగటి.

బండి తోలేది కుళ్ళాయప్ప. చాలా ఏళ్ళు లారీ తోలి, కూతురు రమీజా పెళ్ళి చేసేశాక తాత దగ్గరికి వచ్చి చేరాడు. చేతిలో తస్బీ పూసలు ఎప్పుడూ తిరుగుతూనే ఉండేవి. నడిచేటప్పుడూ, కూర్చున్నప్పుడూ పెదవులు అల్లా పేరు తలుచుకుంటూనే ఉండేవి. ఈ మధ్య అది మరీ ఎక్కువైంది. గేరు మార్చే చేతికి కూడా పూసలు చుట్టుకుంటున్నాడు.

ఆ రోజు పొద్దున బండిని వంటగది వైపు తిప్పి పెట్టి, వైరు పీకడం మరిచిపోయి నమాజుకు పోయాడు. తిరిగొచ్చేసరికి ఫ్యాను బ్యాటరీని సగం తాగేసింది. స్టార్టు చేస్తే మూలిగింది. గుట్ట వాలులో దొర్లిస్తే ఎట్లాగో ఇంజను అందుకుంది. మళ్ళీ పైకి తెచ్చి, ఇంజను ఆపాడు. ఫ్యాను మాత్రం హోరుమంటూనే ఉంది.

వంట చేసే మాబమ్మ సంగటి కట్టె పట్టుకుని బయటికొచ్చింది.

"ఏమప్పా, నీ బండికీ భక్తి ఎక్కువైనట్టుండాదే. నీ మాదిరే ఆపనే ఆపదు!"

కుళ్ళాయప్పకు నవ్వు రాలేదు. గడప దగ్గర కూర్చున్న తాత వైపు తిరిగాడు.

"తాతా, ఒక మాట అడగాల. రేయీ పగలూ ఆయన పేరు తలుచుకుంటా జిక్రు చేస్తానే ఉండా. అయినా లోపల చల్లబడదు. నాలో ఏం తప్పుండాది?"

తాత అతని ముఖం చూశాడు. "రమీజా ఎట్లుండాది?"

"పైనుండే ఆయన చూసుకుంటాడు తాతా. అంతా ఆయన చేతిలో పెట్టేసినా."

"అట్లనా," అన్నాడు తాత. "ముందు బండి సంగతి చూడు. నడి తోవలో ఆగిపోతే ఆడ వరండాలోవాళ్ళు పస్తుంటారు."

రమీజా హిందూపురంలో అత్తగారింట్లో ఉంది. నెలలు నిండాయి. తొలికాన్పుకు పుట్టింటికి రావాల్సిన పిల్లే, కానీ పుట్టింట్లో తల్లి లేదు. రమీజా పుట్టిన రోజున కుళ్ళాయప్ప నాగపూరు దాటి ఎక్కడో ఒక డాబాలో రొట్టె తింటున్నాడు. లారీ ఆఫీసువాళ్ళు ఆ డాబా ఫోనుకు చేశారు. బిడ్డ పుట్టిందన్న మాటా, తల్లి పోయిందన్న మాటా ఒకే గొంతు ఒకే ఊపిరిలో చెప్పింది. ఆ రోజు నుంచీ ఫోను మోగితే ఎత్తడానికి అతనికి భయం.

కిందటి శుక్రవారం అల్లుడు ఫోను చేశాడు. "డాక్టరమ్మ బీపీ కొంచెం ఎక్కువుండాదనింది మామా. సాయంత్రం మళ్ళీ చూస్తాదంట. చూసినాక చేస్తా," అన్నాడు. సాయంత్రం కాకముందే కుళ్ళాయప్ప ఫోను ఆపేశాడు. తాత చూస్తుండగానే పచ్చగుడ్డలో చుట్టి, బండి డ్యాష్‌బోర్డు అరలో పెట్టి మూశాడు. గుట్ట మీద ఫోనున్నది అతనొక్కడికే. ఇదంతా దేవుడి మీద భారం వేయడమేనని తనకు తాను చెప్పుకున్నాడు. అప్పటి నుంచే పూసలు గేరు దాకా వచ్చాయి.

తాళం ఒక మెట్టు తిప్పి ఉంచి, బానెట్టు ఎత్తాడు. తాత ఒక గంప బోర్లించి దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. ఆయనకు దేన్ని చూసినా మొదటిసారి చూస్తున్నట్టే ఉండేది.

"ఇది అసలు ఎందుకు తిరగాల కుళ్ళాయప్పా?"

"వేడికి తాతా. ఇంజన్లో నీళ్ళు కాగితే తిరుగుతాది. చల్లారితే ఆగుతాది."

తాత లేచి రేడియేటరు మీద అరచెయ్యి ఆనించాడు. "గోరువెచ్చగా కూడా లేదే."

"అదే గదా నా బాధ."

కుళ్ళాయప్ప రేడియేటరు మూత తీసి చూశాడు. నీళ్ళు నిండుగా ఉన్నాయి. ఫ్యూజుల పెట్టె తెరిచి, అగ్గిపెట్టెకన్నా చిన్నదైన నల్ల డబ్బా ఒకటి వేలితో తట్టాడు.

"రిలే అంటారు దీన్ని. స్విచ్చి మాదిరి పని చేస్తాది. లోపల అతుక్కోనిందంటే ఫ్యాను ఆగదు. నాకు దీని మీదనే అనుమానం."

పీకాడు. ఫ్యాను టక్కున ఆగింది.

"బతికిపోతిమి!" అంది మాబమ్మ వంటగదిలోంచి.

"ఉండు మాబక్కా. హారనుకు కూడా ఇట్లాంటిదే ఉంటాది. అది తీసి ఈడ పెట్టి చూస్తా." హారను రిలేను ఊడదీసి ఖాళీలో గుచ్చాడు.

హోరు మళ్ళీ మొదలైంది.

తాత నల్ల డబ్బాను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయితే దీని తప్పేం లేదు, పాపం."

"లేదు తాతా. తిరగమని దీనికి ఎవురో చెప్తాండారు. చెప్పినట్టు చేస్తాండాది, అంతే."

"ఎవురు చెప్తాండారు?"

"సీటు కింద కంప్యూటరు డబ్బా ఉంటాది. అది."

"సీటు కింద కూర్చున్నదానికి నీళ్ళు కాగిన సంగతి ఎట్ల తెలుస్తాది?"

కుళ్ళాయప్పకు ఆ ప్రశ్న నచ్చింది. చాలా రోజుల తర్వాత అతని గొంతులో హుషారు వినిపించింది. "నీళ్ళలో మునిగి ఒక సెన్సారు ఉంటాది తాతా. ఎంత వేడుండాదో ఎప్పటికప్పుడు వైర్లో చెప్పి పంపుతాంటాది. నువ్వు మీటర్లో చూస్తావే ఎర్ర ముల్లు, అది కూడా ఆ సెన్సారు మాట వినే లేస్తాది."

తాత పోయి డ్రైవరు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. స్టీరింగు సందులోంచి మీటరు వైపు తొంగి చూశాడు.

"ఈ ముల్లు అడుగున పడుకోనుండాది."

"చల్లగుండాది గదా తాతా."

"నిన్న టౌను నుంచి ఎండలో గుట్టెక్కి వస్తిమే, అప్పుడు కూడా ఈడనే పడుకోనుండె."

కుళ్ళాయప్ప చేతిలో పానా ఆగిపోయింది. నిన్న ముల్లు ఎక్కడుందో అతనికి గుర్తు లేదు. మొన్న ఎక్కడుందో కూడా గుర్తు లేదు. మీటరు చూసి ఎన్నాళ్ళయిందో.

"ఇది ఎప్పుడు అంటించినావప్పా?" తాత వేలు మీటరు గాజు మీద ఒక మూల ఆగింది. అక్కడ పచ్చ రంగు మీద బంగారు అంకెలతో 786 స్టిక్కరు ఉంది. ఉరుసులో అమ్మే రకం.

"అదా... ఆడ ఒక దీపం వెలుగుతాండె తాతా. పసుప్పచ్చగా, ఇంజను బొమ్మ. ఊరికే కంట్లో పడతాండె. పైన ఆయన పేరుంటే మంచిదని..."



తాత బొటనవేలు తడి చేసుకుని స్టిక్కరు అంచు నిదానంగా లేపాడు. చిరక్కుండా, పసిబిడ్డ గోరు తీసినంత జాగ్రత్తగా ఒలిచాడు. కళ్ళకద్దుకున్నాడు. ముందద్దం మీద, చెయ్యి చాచినంత ఎత్తులో అంటించి అరచేత్తో ఒత్తాడు.

"ఇది ఉండాల్సింది పైన," అన్నాడు.

మీటరు మూలన పసుప్పచ్చ దీపం వెలుగుతోంది.

మాబమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి తొంగి చూసింది. "ఇన్నాళ్ళూ వెలుగుతానే ఉండాదా ఇది? అయ్యో!"

కుళ్ళాయప్ప తాళం తీసి, తిరిగి బానెట్టు లోపలికి వంగాడు. ఇంజను తల దగ్గర, నీళ్ళ పైపు మలుపు తిరిగే చోట వెతికాడు. సెన్సారు బాగానే ఉంది. దానికి వచ్చే సన్నని వైరు మాత్రం కొరికేసి ఉంది. ఆ సందునిండా వేరుశనగ పొట్టు.

"ఉడతలు!" అన్నాడు.

"ఎప్పుడూ నిందంతా నా మీద పడేది కాదూ? సంచిలో చెనిక్కాయలు తగ్గినప్పుడల్లా మాబమ్మే తినిందంటివి." మాబమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "చెనిక్కాయలు నాలిక్కి సప్పగా ఉన్నాయేమో, నీ వైరు నంజుకోనుండాయి."

ఈసారి కుళ్ళాయప్పకు నవ్వొచ్చింది. వైరు కొసలు పళ్ళతో పట్టి ఒలవసాగాడు.

తాత మళ్ళీ గంప మీద కూర్చున్నాడు. ఏదో తేలక ఆలోచిస్తున్నట్టు గడ్డం గోక్కున్నాడు.

"నాకొకటి తెలీలేదప్పా. వైరు తెగింది. కబురు రాలేదు. కబురు రాకుంటే, అంతా చల్లగుండాదిలే అని ఆ డబ్బా ఊరుకోవచ్చు గదా? మండతాండాదని ఎందుకనుకుంటాది?"

"దానికి వేరే దారి లేదు తాతా." కుళ్ళాయప్ప రాగి పోగులు మెలివేస్తూ చెప్పాడు. "చల్లగుండాదిలే అనుకోని ఊరుకుంటే, నిజంగా కాల్తాంటే ఇంజను పోతాది. అందుకని కబురు అందేదాకా దానికి కాల్తాండాదనే లెక్క. కబురు లేకుంటే అది తిప్పుతానే ఉంటాది, తిప్పుతానే..."

చేతులు ఆగాయి.

తాత అతని వైపు చూడలేదు. లేచి, డ్యాష్‌బోర్డు అర తెరిచి, పచ్చగుడ్డ మూట తీసి డ్రైవరు సీటు మీద పెట్టాడు. "మాబమ్మా, సంగటి ఎక్కిద్దాం రా," అంటూ వంటగది వైపు నడిచిపోయాడు.

కుళ్ళాయప్ప వైరు అతికాడు. టేపు చుట్టాడు. ఇంకొకసారి చుట్టాడు. చుట్టాల్సినంత కన్నా ఎక్కువే చుట్టాడు. తర్వాత తాళం తిప్పాడు.

ఫ్యాను కదల్లేదు. ఇంజను అందుకుని మెల్లగా కొట్టుకోసాగింది. కాసేపటికి ఎర్ర ముల్లు పడుకున్న చోటు నుంచి లేచింది.

ఆ హోరు లేకపోయేసరికి వంటగదిలో కట్టెలు చిటపటమనడం వినిపించింది. దర్గా మీద పావురాలు వినిపించాయి. వాటి మధ్య ఇంకేదో చిన్న చప్పుడు, టిక్కు టిక్కుమని. ఏమిటా అని చూసుకుంటే, తన ఎడమచేతిలో పూసలు.

మూట విప్పాడు. ఫోను వెలిగింది. వెలిగీ వెలగగానే గుయ్యి గుయ్యిమని ఆగకుండా వణికింది. ఏ కబురూ చదవలేదు. కూతురి నంబరు నొక్కి చెవికి ఆనించుకున్నాడు. అటు మోగినంతసేపూ నాగపూరు రోడ్డు, చేతిలో రొట్టె ముక్క, అన్నీ కళ్ళముందుకొచ్చాయి.

"నాయనా?"

రమీజా గొంతే. ఫోను చెవికి ఇంకా గట్టిగా ఒత్తుకున్నాడు.

"నాయనా, నువ్వేనా? మాట్లాడు! బతికే ఉండావా?" ఏడుపూ కోపమూ కలిసిపోయి వచ్చాయి. "ఫోను ఎందుకు ఆపేసినావు? గుట్ట మీద నీకేమైందో, బండి యాడన్నా బోర్లా పడిందో అని నేను చస్తాండా ఈడ! నిన్ను వెతకను మీ అల్లుడు ఇప్పుడే బస్సెక్కిపాయ."

"నువ్వెట్లుండావు తల్లీ? డాక్టరమ్మ ఏమనింది?"

"నాకేమైంది? కడుపులో బిడ్డ బాగుండాదంట. బీపీనే దిగడం లేదు. ఏం దిగులు పెట్టుకోనుండావు అని తిడతాండాది నన్ను." ముక్కు ఎగబీల్చింది. "ఏం చెప్పాల నేను? మా నాయన పలకడం లేదని చెప్పినా."

కుళ్ళాయప్ప బండి తలుపు పట్టుకున్నాడు.

"తిన్నావా తల్లీ?"

"ముద్ద దిగితే గదా."

"ఇప్పుడు తిను."

"తింటా. కానీ నువ్వు పెట్టేయొద్దు. నేను తినేదాకా మాట్లాడు."

"ఏం మాట్లాడాల?"

"ఏదో ఒకటి చెప్పు. ఊరుకోవాకు."

ఉడత సంగతి చెప్పాడు. మాబమ్మ చెనిక్కాయల సంగతి చెప్పాడు. అటు నుంచి గిన్నె చప్పుడు, కొంచెంసేపటికి నవ్వు. నవ్వుతూ పొలమారింది. నీళ్ళు తాగమన్నాడు. తాగింది. ఎండ ముదిరింది. అతను నిలబడిన చోటే నిలబడి చెబుతూనే ఉన్నాడు.

ఎడమచేతి పూసలు ఎప్పుడు జేబులోకి పోయాయో అతనికి తెలియదు.

అప్పుడు ఫ్యాను ఉన్నట్టుండి హోరుమంది.

కుళ్ళాయప్ప ఉలిక్కిపడి మీటరు వైపు చూశాడు. ముల్లు సగానికి పైన ఉంది. నిజంగానే వేడెక్కింది. ఫోను చెవికి అట్లాగే పట్టుకుని, ముల్లునే చూస్తూ నిలబడ్డాడు. వెనక సంగటి గిన్నె ఎక్కిస్తున్న తాత కూడా చేతులు ఆపి విన్నాడు. మాబమ్మ కూడా.

ముల్లు కొంచెం దిగింది. ఫ్యాను ఆగింది.

"ఆగింది తాతా," అన్నాడు కుళ్ళాయప్ప, గొంతు తగ్గించి.

తాత వెనక తలుపు వేసి గొళ్ళెం పెట్టాడు. వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

"పా అప్పా. ఆడ వరండాలో మనకోసం చూస్తాంటారు."