ఫాదర్ గారి ఊపిరి

శౌరయ్య మాస్టారి కుర్చీ తనకే వస్తుందని ఫణీంద్ర ఊరంతా చెప్పుకున్నాడు. మాస్టారు మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు.

విశాఖపట్నం జ్ఞానాపురంలో, చర్చి వెనకాల గదిలో మాస్టారు స్పానిష్ గిటార్ నేర్పుతారు. ఆయన ఎడమచెయ్యి వణుకుతోంది. ఇక వాయించలేరు. ఆ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోవాలి.

దానికో పద్ధతుంది. బాగా వాయిస్తే చాలదు, వినడం తెలియాలి. మాస్టారి గురువు ఫాదర్ అన్సెల్మో స్పెయిన్ నుంచి వచ్చినాయన. చనిపోయే ముందు ఇదే గదిలో కూర్చుని, తన దేశపు పాటలు వాయించి ఒకే ఒక్క స్పూలు టేపులో ఎక్కించారు. ఆ టేపు పట్టుకెళ్ళి విని, ఏం విన్నావో వచ్చి చెప్పాలి. అంతే.

ఇదివరకు చెప్పగలిగింది లూర్దమ్మ ఒక్కతే. "ఫాదర్ గారికి ఆయాసమా మాస్టారూ? ఊపిరి తీసుకున్నాకే వేలు కదుపుతున్నారు" అంది. ఆ రోజు మాస్టారు అన్నం కూడా మర్చిపోయారు. తీరా నర్సు ఉద్యోగం వచ్చిందని ఆ పిల్ల కుడిచేతి గోళ్ళు కత్తిరించేసుకుంది. ఈ గిటార్ మోగేదే ఆ గోళ్ళతో. ఏళ్ళ తరబడి పెంచి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది కాపాడుకుంటారు. మాస్టారు ఆమె పెళ్ళికి వెళ్ళలేదు. ఎదురుపడితే పలకరించరు, ఇప్పటికీ.

శిష్యుల్లో ఇక మిగిలింది ఫణీంద్ర. అతనింట్లో అలమర నిండా గిటార్ రికార్డులే. ఇందులో గరగర ఉంది, అందులో లేదు అని తీర్పులు చెప్పేవాడు. గరగర లేనిదే గొప్ప రికార్డు, అతని లెక్కలో.

టేపు తీసుకెళ్ళినవాడు నెల తిరక్కుండానే వచ్చాడు. చేతిలో టేపు లేదు. చిన్న స్పీకరొకటి ఉంది.

"ఫాదర్ గారిని కొత్తగా చేసి తెచ్చాను, వినండి."

మోగింది. ఒక్కో స్వరం కడిగిన గాజులా ఉంది. మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు. పాట అయిపోయింది.

"మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టాడు.

"ఆయనేరీ?"

"ఎవరండీ?"

"ఫాదర్."

ఫణీంద్ర నవ్వాడు. "భలేవారే! వాయించేది ఆయనేగా. వేళ్ళు జారిన కీచు, కుర్చీ కిర్రు, మధ్యలో ఆ ఊపిరి గురక, అన్నీ తీయించేశాను. స్టూడియోలో పగలనకా రాత్రనకా కూర్చున్నాను. పైదేశాల రికార్డులు దీని ముందు దిగదుడుపే."

"టేపేదీ?"

"బూజు పట్టిందండీ. ఇంకెందుకులే అని పారేయమన్నాను."

మాస్టారు స్పీకరు పక్కకి జరిపారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

సొరుగు లాగి గోళ్ళ కత్తెర తీశారు. ఫణీంద్ర ముందుకి చాచారు.

"తీగకి గోరు తగిలినా చప్పుడే. అదీ తీసెయ్."

ఫణీంద్ర మళ్ళీ నవ్వబోయాడు. మాస్టారు చాచిన చెయ్యి వెనక్కి వెళ్ళలేదు. అతని నవ్వే వెళ్ళిపోయింది. కుడిచెయ్యి తనంతట తానే వీపు వెనక్కి పోయి దాక్కుంది.

"ఇవి మళ్ళీ రావాలంటే నెలలు పడుతుంది మాస్టారూ!"

"అవును. కానీ మళ్ళీ వస్తాయి."

ఆ చెయ్యి బయటికి రాలేదు.

మాస్టారు ఒళ్ళో పేపరు పరుచుకున్నారు. కత్తెర వణికే చేతిలోకి మార్చుకున్నారు. వాయించడం ఆగిపోయినా ఆయన కుడిచేతి గోళ్ళకి గరుకు కాగితం పెట్టడం మాత్రం ఆగలేదు. వాటిని ఒకసారి వెలుతురులో చూసుకున్నారు.

"వద్దండీ..." అన్నాడు ఫణీంద్ర.

టక్.

ముక్క పేపరు మీద పడింది. వణుకుతున్న కత్తెర పక్క వేలు వెతుక్కుంది.

టక్.

గదిలో ఇంకే చప్పుడూ లేదు. ఫణీంద్ర ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"వినపడిందా?"

"ఆఁ..."

మాస్టారు తలెత్తలేదు. మూడో వేలి గోరు కత్తెరలో పెట్టుకుంటూ అన్నారు.

"ఇది తీయించు, చూద్దాం."