పెట్టె లేని రాట్నం

మా నాయనమ్మ రాట్నం తిప్పుతూ చెప్పిన కథ ఇది. ఇప్పుడు నాయనమ్మా లేదు, రాట్నమూ లేదు. కిర్రుమనే ఆ చప్పుడు మాత్రం నా చెవుల్లో ఉండిపోయింది.

పూర్వం ఒక రాజ్యంలో రాట్నాలన్నీ ఆస్థాన వడ్రంగి విరూపాక్షాచారే చేసేవాడు. చక్రాన్ని పెట్టెలో బిగించి, పైన లక్క ముద్ర వేసేవాడు. లోపల నూలు చిక్కుపడితే, ఆ పెట్టె మోసుకెళ్లి ఆయన గుమ్మం ముందు పడిగాపులు కాయాల్సిందే. నూలు వడికే గవరమ్మ విసిగిపోయి, పెట్టె లేని రాట్నం చేసి వీధి అరుగు మీద పెట్టింది. చూసినవాళ్లంతా అలాంటిదే చేసుకున్నారు. ఇళ్లలోకే కాదు, రాజుగారి నేతశాలలోకీ అదే వచ్చేసింది.

ఆచారి కోటకు పరుగెత్తాడు. "ప్రభూ, లోపలి మర అందరికీ కనబడితే ఏ దుర్మార్గుడైనా పాడుచేస్తాడు. ఆ రాట్నాన్ని నిషేధించండి."

రాజు గవరమ్మను పిలిపించి, "ఏమంటావు?" అని అడిగాడు.

"తమరి వంటింటికి తలుపే లేదంటారు. నిజమేనా దొరా?"

"నిజమే. తలుపు మూసి వండితే అన్నంలో ఎవరేం కలిపారో ఎలా తెలుస్తుంది? నలుగురి కళ్లముందు వండితేనే నాకు ధైర్యం."

"నా రాట్నమూ అంతే దొరా. కాదంటే, రేపటి నుంచి తలుపేసుకుని వండమని తమరి వంటవాళ్లకు ఆచారిగారినే చెప్పమనండి."

రాజు ఆచారి వైపు చూశాడు. ఆచారి దండం పెట్టి వెనుదిరిగాడు; నిషేధం మాట అక్కడితో పోయింది.

ఆ తర్వాత ఎవరి చేతికి తగ్గట్టు వాళ్లు రాట్నాన్ని దిద్దుకున్నారట. నాయనమ్మ తన రాట్నం పిడిని నిమురుతూ, "ఈ వంపు మొదట తెచ్చిందెవరో తెలుసా? ఆచారి పెళ్లాం," అని నవ్వేది.