గంటల ఇంట్లో నేతి కుండ

చిన్న కథ, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మా కరణంగారూ ఇలాగే మొదలుపెట్టి, వినేవాళ్లకు కునుకు పట్టాక ముగిస్తారు. ఆయన సంగతి వదిలేద్దాం.

దొర వీరభూపతికి అందరి మీదా అనుమానమే. కాపలావాళ్లనూ నమ్మలేక, ఇల్లే దొంగను పట్టివ్వాలని ప్రతి తలుపుకీ ఉట్టికీ తాళ్లు లాగి గంటలు కట్టించాడు. గాలి వీచినా మోతే, పిల్లి దూకినా మోతే. ఏది ఎందుకు మోగిందో ఆయనకే తెలిసేది కాదు. ఉట్టి మీద కుండలో నెయ్యి మాత్రం తరుగుతూనే ఉంది.

"దొంగవి నువ్వేనే! రేపే ఊరు వదిలి పో," అన్నాడు వంటమనిషి పైడమ్మతో.

"పోతాను దొరా. కానీ ఇన్ని గంటలెందుకు? మీరు నమ్మే మనిషి ఒక్కరికి కుండ అప్పగించండి. అప్పుడూ తరిగితే దొంగెవరో గంట లేకుండానే తెలుస్తుంది. తరక్కపోతే నేను పోతాను."

దొర ఇంటిల్లిపాదినీ తలుచుకున్నాడు. ఒక్కరి మీదా నమ్మకం కుదరలేదు. గంటలన్నీ విప్పించి, కుండ తన గదిలోనే పెట్టుకుని, తాళంచెవి మొలకు కట్టుకున్నాడు. తరిగిందేమోనని మాటిమాటికీ వేలు ముంచి చూశాడు. ముంచిన వేలు నాకాడు.

వారం తిరిగేసరికి కుండ అడుగంటింది.

పైడమ్మను ఉండమన్నాడు. తన కుడిచేతికి గంట కట్టించుకున్నాడు.