వానను తాగిన దిమ్మెలు

మా గురువు విశ్వపతి గారిని ఏదైనా అడిగితే నేరుగా జవాబు చెప్పరు. తాను ఎప్పుడో చేసిన తెలివితక్కువ పని ఒకటి చెబుతారు. ముప్పైయేళ్లుగా చెబుతున్నా ఆ సరుకు తరగలేదు. ఆ రోజు అడిగింది ఆయన శిష్యురాలు కాళింది. ఆమె ఏడాదిన్నరగా తీసిన కొలతల్లో పెద్ద తప్పుందని ప్రయోగశాల టెక్నీషియన్ సత్తిరాజు అందరి ముందూ చూపించాడు. తప్పు నిజమే. అన్నీ మళ్లీ మొదలుపెట్టాలి.

"తప్పు చూపినవాడు మేలు చేసినట్టే అంటారు కదా సార్. నాకేమో అతని మొహం చూస్తేనే ఒళ్లు మండుతోంది. ఈ కోపం ఎన్నాళ్లకు పోతుంది?" అంది.

గురువుగారు తన చదువు రోజుల సంగతి ఎత్తుకున్నారు.

ఆయన పరిశోధన తేలిక కాంక్రీటు మీద. లోపల గాలి బుడగలుండే ఆ కాంక్రీటు గుండా మైక్రోవేవ్ తరంగాలు వెళ్లేటప్పుడు అది వాటిని ఎంత నిదానింపజేస్తుందో, ఎంత మింగేస్తుందో కొలవాలి. చెమ్మ ఉంటే లెక్క తారుమారవుతుంది గనక ఆ కాంక్రీటు దిమ్మెలను ఓవెన్‌లో ఎండబెట్టి కొలుస్తారు. ఆయనా ఎండబెట్టారు. పన్నెండు దిమ్మెలూ ఒకే విలువ చూపాయి. పన్నెండుమంది సాక్షులు ఒకే మాట చెబుతుంటే ఇంకేం కావాలనుకుని సిద్ధాంత గ్రంథం రాసేశారు. సమర్పణకు నెల గడువుంది.

అప్పుడు, దిమ్మెలు పోతపోసే గౌరమ్మ కొత్త దిమ్మె ఇవ్వడానికి వచ్చింది. చోటు కోసం బల్ల మీది పాత దిమ్మెను ఎత్తి, చేతిలోనే ఆపింది.

"ఇది నీళ్లు తాగి ఉంది బాబూ. ఎండిన దిమ్మె ఇంత బరువుండదు."

"ఓవెన్‌లోంచి తీసి వారమే అయింది. నీ పని నువ్వు చూసుకో," అన్నారు ఈయన.

"వారమంతా ముసురే కదా," అంటూ ఆమె దిమ్మెను మెల్లగా దించి వెళ్లిపోయింది.

ఆమె మాట తప్పని తేల్చడానికే ఈయన తూకం వేశారు. బరువు పెరిగింది! బుడగల దిమ్మెలు గాలిలోని చెమ్మను పీల్చుకున్నాయి. గ్రంథంలోని కొలతలూ ఇలాగే ఎండబెట్టిన వారానికి తీరిగ్గా తీసినవే; పన్నెండూ ఒకే గదిలో ఉన్నాయి గనక పన్నెండూ సమానంగా పీల్చుకున్నాయి. మళ్లీ ఎండబెట్టి, మూతపెట్టిన డబ్బాలో చల్లార్చి, వెంటనే కొలిస్తే విలువ ఎక్కడికో దిగిపోయింది. గడువు పొడిగించమని బతిమాలుకుని, ఆమెను తిట్టుకుంటూనే అన్నీ కొత్తగా కొలిచారు.

"పరీక్షకుడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, ఎండబెట్టాక ఎంతసేపటికి కొలిచావని. వెంటనేనండీ అన్నాను. ఆ ఒక్క జవాబే నన్ను గట్టెక్కించింది. అది గౌరమ్మ పెట్టిన భిక్ష," అంటూ గురువుగారు కళ్లు తుడుచుకున్నారు. మా ముందు దాచుకోవాలని కూడా చూడలేదు.

"ఆమెకు చెప్పారా సార్?" అంది కాళింది.

"స్వీట్లు పట్టుకుని వెళ్లాను. ఇక్కడి పని అయిపోయి వేరే ఊరు వెళ్లిపోయిందన్నారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు. నా కోపం పోవడానికి ఆరు నెలలు పట్టిందమ్మా. ఆమె ఐదో నెలలోనే వెళ్లిపోయింది."

గురువుగారు గోడ గడియారం వైపు చూశారు.

"సత్తిరాజు ఐదింటికి ఇంటికెళ్తాడు," అన్నారు.