మూడు గీతల ఈగ, నాలుగు గీతల ఈగ

ఈగను చూడగానే అది ఏ వంశానిదో చెప్పేయగలనని మా వీధిలో నాకు మంచి పేరుంది. ఆ పేరు నేనే పెట్టుకున్నాను. ఇంత చిన్న పనికి ఇంకొకరిని కష్టపెట్టడం నాకిష్టం ఉండదు. ఎలా చెబుతానో మీకూ చెబుతాను, వినండి.

ఒకప్పుడు ఈగలన్నీ ఒకే రంగులో ఉండేవి. ఉత్త బూడిద రంగు. ఇంటి ఈగ, మాంసం ఈగ పక్కపక్కన కూర్చుంటే కన్నతల్లులే తికమకపడేవారు.

ఆ రోజుల్లో పైడమ్మ అనే ఆవిడ చెరకు తోట పక్కన బెల్లం వండేది. పెనంలో రసం కాగి పైకి తెట్టు తేలగానే, మొదటి గరిటెడు ఆముదపాకులో పోసి దూరంగా పెట్టేది. అది ఈగల వాటా. వాటా అందితే అవి పెనం వైపు రావు, బెల్లంలో పడి చావవు. వాళ్ళ అత్తగారి నాటి నుంచీ అదే పద్ధతి.

ఒకరోజు తడిక మీద ఎండబెట్టిన మాంసానికి పురుగులు పట్టాయి.

"ఓలమ్మో! నా తెట్టు తిని నా మాంసానికే పురుగులెడతారేటి? రేపటి నుంచి ఆకూ లేదు, తెట్టూ లేదు. ఇటొస్తే చీపురే!" అంది పైడమ్మ.

ఇంటి ఈగ గబగబా ముందుకొచ్చింది. దానికి ఇంటినిండా పిల్లలు. ఆ ఆకులోదే వాళ్ళ తిండి.

"మేం కాదత్తా! అది మాంసం ఈగ పని."

"మీకూ దానికీ తేడా ఏటే? నా కంటికి అందరూ ఒకేలా ఉన్నారు."

"అయితే మాకో గుర్తు పెట్టు. గుర్తున్నవాళ్ళకే తెట్టు పెట్టు."

ఆ మాట పైడమ్మకు నచ్చింది. నాలుగు వేళ్ళు మసిలో అద్ది, వరసలో వచ్చిన ఇంటి ఈగల వీపుల మీద బరబరా గీసింది. ఒక్కో వీపుకి నాలుగు గీతలు. అంత చిన్న వీపు మీద నాలుగు వేళ్ళు ఎలా పట్టాయని అడక్కండి. అప్పటి ఈగలు పెద్దవి కాబోలు.

ఇప్పుడు మనం పచ్చ ఈగ అనే ఈగ మాత్రం "ఛీ, మసి నేను పూసుకోను" అంది. పగిలిన పచ్చ గాజుల పొడిలో దొర్లి, తళతళా మెరుస్తూ వెళ్ళిపోయింది.

ఇంతలో పాకం చూడాల్సిన వేళైంది. పాకాన్ని వేలితో చూడటం పైడమ్మ అలవాటు. ముందు వేలు చన్నీళ్ళలో ముంచాలి. ఈగల గొడవలో ఆ సంగతి మరిచిపోయింది. చూపుడు వేలు చుర్రుమంది! గుడ్డపీలిక చుట్టుకుని మళ్ళీ పొయ్యి దగ్గర కూర్చుంది.

ఇంటి ఈగలన్నీ గీతలు పెట్టించుకున్నాక అప్పుడొచ్చింది మాంసం ఈగ, పిల్లిలా.

"మేమూ ఇంటివాళ్ళమే అత్తా."

"సరే, తొందరగా రా! నా వేలు మండిపోతోంది."

పైడమ్మ చూడకుండానే గీసేసింది. పడినవి మూడే గీతలు.

మాంసం ఈగ పక్కవాళ్ళ వీపులతో తన వీపు పోల్చి చూసుకుంది. ఒకటి తక్కువ! నాలుగోది తనే గీసుకుందామని కాళ్ళు మసిలో ముంచింది. వీపు అందలేదు. అందిన పొట్ట మీదే తపతపా అద్దుకుంది. అక్కడ గళ్ళు గళ్ళుగా మచ్చలు పడ్డాయి గానీ, గీత పడలేదు.

మర్నాడు మాంసంలో మళ్ళీ పురుగులు!

"గీతలు పెట్టించుకుని కూడా ఇదేనేటే?" అంటూ పైడమ్మ చీపురెత్తింది.

ఇంటి ఈగ పారిపోలేదు. వచ్చి ఆ చీపురు మీదే వాలింది.

"కొట్టు అత్తా. కానీ ముందు ఆ మాంసం మీద ఉన్నదాని గీతలు లెక్కపెట్టు."

పైడమ్మ వంగి చూసింది. "ఒకటి, రెండు, మూడు..." మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. మూడే. తన చేయి చూసుకుంది. గుడ్డ చుట్టిన వేలు చూసుకుంది.

"ఓసి దొంగదానా! నా కాలిన వేలే నిన్ను పట్టించింది!" అని పడీ పడీ నవ్వి, ఆ చీపురుతోనే దాన్ని తరిమింది. తర్వాత ఆముదపాకు కోసుకొచ్చి, ఇంటి ఈగ ముందు రెండు గరిటెల తెట్టు పోసింది.

అప్పటినుంచే ఇంటి ఈగ వీపు మీద నాలుగు గీతలు. మాంసం ఈగ వీపు మీద మూడు, పొట్ట మీద గళ్ళు. పచ్చ ఈగకు మెరుపు.

పచ్చదాన్ని నేను ఇట్టే గుర్తుపడతాను. మిగతా రెండింటితోనే చిక్కు. నేను మూడు దాకా లెక్కపెట్టేసరికి ఈగ ఎగిరిపోతుంది. నాలుగో గీత ఉందో లేదో చూసేదాకా దాన్ని కూర్చోబెట్టడం నాకింకా రాలేదు.